అనుబంధం 7 ప్రకారం మర ఆగరాదు

నిశ్శబ్దాన్ని అత్యంత శ్రమతో, అత్యధిక సిబ్బందితో, అంతస్తులవారీగా తయారుచేయగల ఏకైక వ్యవస్థ పాటల కంపెనీ అని నేను ఇందుమూలంగా ప్రకటిస్తున్నాను. శ్మశానాలూ, గ్రంథాలయాలూ, పెళ్లైన పాతికేళ్ల తర్వాత భోజనాల బల్లలూ కూడా నిశ్శబ్దాన్ని ఇస్తాయి. కానీ అవి ఏ ఫారమూ నింపించుకోకుండా ఇస్తాయి కాబట్టి వాటిని వ్యవస్థలుగా గుర్తించడానికి వీల్లేదు.

ఈ ప్రకటనకు ఆధారం మా బావ పిండిమర.

వీధి చివర రేకుల షెడ్డులో మా బావ ముప్పై ఏళ్లుగా మర ఆడిస్తున్నాడు. చుట్టుపక్కల గింజలన్నీ ఆయన చేతి మీదుగానే పిండయ్యాయి (ఆయనా కొంత పిండయ్యాడు గానీ, దాన్ని ఎవరూ జల్లెడ పట్టి చూడలేదు). అక్కడ మనుషులు వరుసలో నిలబడరు. వాళ్ల డబ్బాలు నిలబడతాయి. మూతలున్నవీ, సొట్టలున్నవీ, మూత పోతే పాత చీర ముక్క కట్టుకున్నవీ. ఏ డబ్బా కూడా ముందున్న డబ్బాను తోసుకుని వెళ్లిన దాఖలా లేదు. మనుషులు ఇంటికెళ్లి పని చూసుకుని తీరిగ్గా వస్తారు. ఇంత నాగరికమైన క్యూ నేను మరెక్కడా చూడలేదు. 'మర' ఎక్కడ ఉంటే అక్కడే 'మరెక్కడా' లేనిది కూడా ఉంటుంది.

ఆ షెడ్డు వెనక గదిలో మా అక్క కూతురు పాడుతుంది. రాక్ సంగీతం. టిన్ను డబ్బాలకు మాట్లు వేసే కుర్రాడు డ్రమ్ములు కొడతాడు. వాడి ముద్దుపేరు డబ్బా. ఇళ్లకు వైరింగు చేసే అతను గిటారు వాయిస్తాడు. అతని పేరు కరెంటు. దీన్ని ఇండీ బ్యాండ్ అంటారట. అంటే ఏ పెద్ద కంపెనీ నీడా పడకుండా సొంతంగా రాసుకుని, సొంతంగా రికార్డు చేసుకుని, దాదాపు సొంతంగానే వినే జనం. పిండిమరలో పుట్టింది గనక 'పిండీ బ్యాండ్' అనండర్రా అని నేనొక సూచన చేశాను. మా మేనకోడలు నా వైపు చూసిన చూపుకు ఆ సూచన అక్కడికక్కడే తవుడై రాలింది.

చివరికి పేరు పెట్టింది బావ. ఒకనాడు వెనక గదిలోకి తొంగి చూసి, "ఏం చేస్తున్నారమ్మా?" అన్నాడు.

"సాధన, నాన్నా!"

"సాధనా? ఊకదంపుడులా ఉంది."

బ్యాండ్ పేరు 'ఊకదంపుడు' అయింది. తండ్రి పేరు పెట్టడం ఆనవాయితీయే కదా.

ఇక్కడ పాఠకులు ఒక సాంకేతిక విషయం తెలుసుకోవాలి. కంగారు పడకండి, నాకు తెలిసినంతే చెబుతాను. మోటారు నుంచి మరకు ఒక తోలు పట్టా తిరుగుతుంది. అది ఎప్పుడో తెగితే బావ తోలు దారంతో అడ్డదిడ్డంగా కుట్టాడు. ఆ కుట్టు చక్రం మీదికి వచ్చినప్పుడల్లా 'టప్' మంటుంది. ఆ టప్పే వీళ్ల తాళం. పైగా పైన గింజలు పోయగానే మోటారు బరువెక్కి టప్పుకూ టప్పుకూ ఎడం పెరుగుతుంది. గింజలు అయిపోవస్తుంటే మళ్లీ దగ్గరవుతుంది. దాన్ని పట్టుకుని పాట సాగుతుంది, తగ్గుతుంది, ఎగురుతుంది. గోధుమలకు ఒక నడక, మొక్కజొన్నకు ఒక నడక. మిరపకాయలు ఆడించిన రోజున రికార్డు చేసిన పాటలో రెండో చరణం తర్వాత పదకొండు తుమ్ములుంటాయి. ఒక విమర్శకుడు వాటిని 'నిరసన స్వరాలు' అన్నాడు.

బ్యాండ్ అంటే నలుగురుండాలట. నాలుగోది మర.

ఇంతవరకు అంతా శ్రుతిలోనే ఉంది. శ్రుతి తప్పింది బావ చెవి.

మర దగ్గర నిలబడినప్పుడు బావ ఎడమ చెవి మర వైపు, కుడి చెవి గిరాకీ వైపు ఉంటాయి. ముప్పై ఏళ్లు అలా నిలబడ్డాక చెవుల డాక్టరు పరీక్షించి ఒక చీటీ రాశాడు. దాన్ని మా అక్క ఎటు పట్టుకుని చదవాలో తెలియక తిప్పుతుంటే ఆయన నోటితో కూడా చెప్పాడు.

"ఎడమది అయిపోయిందమ్మా. కుడిది ఉంది. మర ఆపేస్తే ఉన్నది ఉంటుంది. ఆపకపోతే ఏడాదిలో అదీ పోతుంది. ముందు సన్నటి శబ్దాలు పోతాయి. పిట్టలు, పిల్లల మాటలు, ఆడవాళ్ల గొంతులు. చివరిదాకా మిగిలేవి మొద్దు శబ్దాలే. లారీలు, తలుపులు, మీ మర."

"మర వినపడుతుందన్న మాట," అన్నాడు బావ సంతృప్తిగా. "ఇంకేం కావాలి?"

"నా మాట వినపడదు," అంది అక్క.

"అది ముప్పై ఏళ్లుగా ఉన్నదే కదా," అన్నాడు బావ. డాక్టరు ఫీజు తీసుకుని కూడా నవ్వాడు.

కానీ మేనకోడలు నవ్వలేదు. ఆ పిల్ల పాటను తండ్రి ఒక్కసారి కూడా సరిగ్గా వినలేదు. మర తిరుగుతుంటే ఆయనకు పాట వినపడదు. మర ఆగితే వీళ్లకు పాట రాదు. రికార్డు చేసినది ఫోనులో వినిపించబోతే గిరాకీ ఉందంటాడు. ఆయనకు తెలిసినదల్లా ఆ టప్పూ, వెనక గది కిటికీ గాజు పలక అవతల కదిలే కూతురి నోరూ.

"మర ఆపెయ్యి నాన్నా," అంది ఆ పిల్ల.

"ఆపితే మీరు దేన్ని పట్టుకుని పాడతారు?"

"మా తిప్పలేవో మేం పడతాం."

బావ ఆలోచించి ఒప్పందానికి వచ్చాడు. "నీ ఆల్బం అనేది వస్తుందన్నావు కదా. అది వచ్చిన రోజున మర ఆపేస్తా. కుర్చీ వేసుకుని మొదటి నుంచి చివరి దాకా వింటా. అప్పటిదాకా కుడి చెవిని నీ కోసం దాచిపెడతా."

మాట ప్రకారం ఆ రోజు నుంచి కుడి చెవిలో దూది పెట్టుకున్నాడు. దాంతో గిరాకీ చెప్పేదీ వినపడటం మానేసింది. ఒకావిడ గోధుమలు బరకగా ఆడమంటే మెత్తగా ఆడాడు. ఇంకొకాయన ఊరికే "బాగున్నారా?" అంటే ఆయన చేతిలోని మందుల సంచీ లాక్కుని మరలో పోయబోయాడు. అయినా దూది తియ్యలేదు. మనిషి మాట మీద నిలబడ్డాడు, ఆ మాట ఆయనకు వినపడకపోయినా.

సరిగ్గా అప్పుడే, రాక రాక వచ్చింది అవకాశం. అందులోనూ రాక్ అవకాశం. ఒక పెద్ద పాటల కంపెనీ నుంచి నూతన ప్రతిభాన్వేషణాధికారి మరకు వచ్చాడు. నల్ల చొక్కాతో వచ్చి, తెల్ల చొక్కాతో వెళ్లాడు (మరలో ఐదు నిమిషాలు నిలబడితే ఎవరైనా పెద్దమనిషే). పాటల యాప్‌లో వీళ్లు పెట్టుకున్న పాట విన్నాడట.

"ఇంత సహజమైన తాళం ఈ మధ్య వినలేదు. దీన్నే ఉన్నదున్నట్టుగా లోకానికి అందిస్తాం," అన్నాడు. "ఆ 'టప్' ఎవరు?"

ముగ్గురూ మర వైపు చూపించారు. ఆయన మరకు నమస్కారం పెట్టాడు. ఆ ఒక్క నమస్కారానికే బావ పడిపోయాడు. ముప్పై ఏళ్లలో దాన్ని తిట్టినవాళ్లే గానీ దణ్ణం పెట్టినవాళ్లు లేరు.

ఒప్పందం రెండు వందల పద్నాలుగు పేజీలు. చదివితే అందులో ఒప్పూ లేదు, అందమూ లేదు. అనుబంధాలు మాత్రం పంతొమ్మిది. మన ఇళ్లలో అనుబంధం ఉంటే సంతకాలు అక్కర్లేదు. కంపెనీల్లో సంతకాలు పెట్టాకే అనుబంధం పుడుతుంది, దానికి వరుస సంఖ్య కూడా ఉంటుంది. వాటిలో ఏడవది ఇది:

'మూలశబ్ద కారకమగు పిండిమరను (ఇకపై 'నాలుగవ సభ్యుడు' అని వ్యవహరించబడును) ఆల్బం విడుదలగు తేదీ వరకు పని దినములందు ఆపరాదు, మార్చరాదు, కదల్చరాదు, బాగుచేయరాదు.'

"ఆల్బం ఎన్నాళ్లకి వస్తుందండీ?" అడిగింది మేనకోడలు.

"మూడు నెలలు."

ఆ పిల్ల బావ కుడి పక్కకు వెళ్లి, దూది తీసి, మూడు వేళ్లు చూపిస్తూ చెప్పింది. బావ తలూపాడు. "మూడు నెలలు ఆగుతుందిలే. చెవే కదా, పాలు కాదు విరగడానికి." దూది మళ్లీ పెట్టుకుని సంతకం చేశాడు.

కంపెనీ స్టూడియో చాలా గొప్పది. గోడలకు ఐదు పొరలు, తలుపుకు రెండు తలుపులు. లోపల ఎంత నిశ్శబ్దమంటే నేను పొద్దున తిన్నది ఏ దశలో ఉందో నాకే వినపడింది. మేనకోడలు మైకు ముందు, డబ్బా డ్రమ్ముల వెనక, కరెంటు తీగల మధ్య సర్దుకున్నారు. సర్దుకుని ఒకరినొకరు చూసుకున్నారు. గాజు అవతల నుంచి రికార్డు చేసే ఆయన బొటనవేలు ఎత్తాడు. మళ్లీ చూసుకున్నారు.

"మొదలెట్టండి," అన్నాడాయన.

"ఎవరు మొదలెట్టాలి?" అంది మేనకోడలు.

"ఎప్పుడూ మరే కదక్కా మొదలెట్టేది," అన్నాడు డబ్బా.

వాళ్ల చెవుల్లోకి మిషను తాళం వదిలారు. టిక్, టిక్, టిక్. డబ్బా కాసేపు విని హెడ్‌ఫోన్లు తీసేశాడు. "ఇది గోడ గడియారం అన్నా. దీనికి ఆకలెయ్యదు, కడుపు నిండదు. దీంతో ఏం పాడతాం?"

ఎలాగోలా ఒక పాట లాగారు. దాన్ని ఆరో అంతస్తుకు పంపారు. ఆరో అంతస్తులో సహజత్వ నిర్ధారణాధికారిణి ఉంటుంది. కళాకారులు తమలాగే ఉన్నారా లేదా అన్నది ఆవిడ తేలుస్తుంది. (లేకపోతే ఎవరికి వారు తామే అనుకుంటూ తిరుగుతారు. అది ప్రమాదం.) ఆవిడ పాత పాటా కొత్త పాటా పక్కపక్కన పెట్టి, కళ్లజోడు పైకి తోసుకుంది.

"సహజత్వం ముప్పై నాలుగు శాతం. కనీసం తొంభై ఉండాలి. మీరు మీలా లేరు."

"మేం మేమేనండీ," అంది మేనకోడలు.

"రుజువు?"

ఈ ప్రశ్నకు పెద్ద పెద్ద వేదాంతులే చేతులెత్తేశారు. డబ్బా మాత్రం చేయెత్తాడు. "మా మర దగ్గరే రికార్డు చేసేస్తే గొడవ ఉండదు కదండీ?"

"అది స్టూడియో కాదు. స్టూడియో కాని చోట చేసినది ఇంటి రికార్డింగ్ అవుతుంది."

"మా ఇంటి రికార్డింగే కదండీ మీకు నచ్చింది?"

"నచ్చింది కాబట్టే మిమ్మల్ని స్టూడియోకి తెచ్చాం," అంది ఆవిడ, చంటిపిల్లలకు చెప్పినంత ఓపికగా.

పోనీ, మరను స్టూడియోకి తెద్దామంటే అనుబంధం 7 అడ్డం పడింది. కదల్చరాదు. కనుక కంపెనీ అలాంటిదే ఇంకో మర కొనడానికి టెండర్లు పిలిచింది. మూడు నెలలు ఆ పిలుపులోనే గడిచాయి. నాలుగో నెలలో మర వచ్చింది. ధగధగలాడే కొత్త మర, అతుకే లేని కొత్త పట్టా. వెన్నలా తిరిగింది. టప్ లేదు.

కొత్త వస్తువును పాడుచేయుటకు అనుమతి కోరు దరఖాస్తు (మూడు ప్రతులు) పెట్టాం. ఐదో నెలలో అనుమతి వచ్చింది. బావ వెళ్లి, కొత్త పట్టాను కత్తితో కోసి, తోలు దారంతో తన పద్ధతిలో అడ్డదిడ్డంగా కుట్టాడు. నాణ్యతా పరిశీలకుడు పక్కనే నిలబడి కుట్టు ఎంత వంకరగా ఉందో స్కేలు పెట్టి కొలిచి, రెండు చోట్ల తిన్నగా ఉందని విప్పించి మళ్లీ కుట్టించాడు.

టప్ వచ్చింది. కానీ పాట ఊపిరి తీసుకోవడం లేదు. గింజలు పోస్తేనే కదా మర బరువెక్కేది! గింజలు ఆహార పదార్థాలు. స్టూడియోలోకి ఆహార పదార్థాలు నిషిద్ధం. తలుపు మీదే బొమ్మ ఉంది.

దీనికి ఆరో అంతస్తులోనే ఒక గుమస్తా ఉపాయం చెప్పాడు (ప్రతి ఆఫీసులోనూ ఇలాంటి ఒక పుణ్యాత్ముడు ఉంటాడు, అతన్ని కిటికీకి దూరంగా కూర్చోబెడతారు). గోధుమలను ఆహారంగా కాకుండా అతిథి కళాకారులుగా నమోదు చేస్తే ఏ అభ్యంతరమూ ఉండదన్నాడు. ఫారం బావే నింపాడు. కళాకారుని పేరు: గోధుమలు. తండ్రి పేరు: రైతు. పూర్వానుభవం: ముప్పై ఏళ్లు. గాత్రమా, వాద్యమా: నలిగితే గాత్రం. ఇతర బృందాలతో సంబంధాలు: ఎలుకలు.

ఫారం ఒక్క దెబ్బకు పాసైంది. మా కుటుంబంలో అలా పాసైన మొదటివి గోధుమలే.

మొదటి ట్రయల్ చక్కగా జరిగింది. చిక్కంతా సాయంత్రం గేటు దగ్గర వచ్చింది. కాపలా మనిషి పుస్తకం తీశాడు. "పొద్దున లోపలికి వెళ్లిన అతిథి కళాకారులు, గోధుమలు, ఒక బస్తా. బయటికి వెళ్తున్నది పిండి. అతిథులు ఏ రూపంలో వచ్చారో అదే రూపంలో వెళ్లాలి. నిబంధన."

"మేమూ అంతే కదన్నా," అన్నాడు డబ్బా పిండి బస్తా భుజాన సర్దుకుంటూ. "పొద్దున ఒకలా వెళ్లాం, ఇప్పుడు మా మొహాలు చూడు."

కాపలా మనిషి చూశాడు. నిబంధనకు ఒక మినహాయింపు రాసుకుని వదిలేశాడు.

ఆరో నెల. రోజూ పొద్దున బావ తన మర నడపాలి, ఎందుకంటే అనుబంధం 7. మధ్యాహ్నం కంపెనీ మర నడపాలి, ఎందుకంటే ఆ కుట్టు భాష ఆయనకే తెలుసు. ఒక మరతో ఏడాది వచ్చే చెవి, రెండు మరలతో ఎన్నాళ్లు వస్తుంది? ఈ లెక్క మా అందరికీ వచ్చు. ఎవరూ పైకి అనలేదు.

ఒకరోజు మేనకోడలు బావ కుడి పక్కన నిలబడి, "నాన్నా," అంది. ఆయన జల్లెడ దులుపుతున్నాడు. ఆ పూట పని అయిపోయి మర ఆగి ఉంది. దూది కూడా చెవిలో లేదు. "నాన్నా!" అంది మళ్లీ. ఆయన జల్లెడ తిరగేసి రెండో వైపు దులిపాడు. ఆ పిల్ల ఇంకేం పిలవలేదు. పరుగున వచ్చి నా స్కూటరెక్కింది. "పద మామయ్యా, కంపెనీకి."

అనుబంధాల మినహాయింపుల కౌంటరు కింది అంతస్తులోనే ఉంది. ఒక ఆసామి చెవి దురద తీర్చుకుంటూ కూర్చున్నాడు (ఉన్నవాళ్లకు దురద, లేనివాళ్లకు దిగులు).

"మా నాన్నగారి చెవి పోతోందండీ. అనుబంధం 7 నుంచి మినహాయింపు కావాలి. ఇంటి దగ్గర మరైనా ఆపేస్తాం."

ఆయన డాక్టరు చీటీ తిప్పి తిప్పి చూశాడు. "ఇది మనిషి చీటీ."

"అవునండీ. మా నాన్న."

"ఆయన నాలుగో సభ్యుడు కాదు కదా. నాలుగో సభ్యుడు మర. మరకు అనారోగ్యం అని సర్టిఫికెట్ తెస్తే విశ్రాంతి ఇవ్వగలం. జీతంతో కూడిన విశ్రాంతి."

"మరకు ఏ జబ్బూ లేదండీ!"

"అదృష్టవంతులు," అన్నాడాయన నిజంగా సంతోషించి. "మరి మీ నాన్నగారు ఒప్పందంలో ఎక్కడున్నారు?"

వెతికాం. రెండు వందల పద్నాలుగు పేజీల్లో మా బావ ఒకే ఒక్క చోట ఉన్నాడు. చివరి పేజీలో, సంతకం రూపంలో, సాక్షిగా.

బయటికొచ్చాక నేను ఆ పిల్లను ఓదార్చడానికి ఒక శ్లేష వేయబోయాను. ఆ పిల్ల చెయ్యి అడ్డం పెట్టి, "మామయ్యా, ఇవాళొద్దు," అంది. నేను ఆపేసిన శ్లేష నా జీవితంలో అదొక్కటే. ఇప్పటికీ కడుపులో ఉంది.

ఎనిమిదో నెలలో, ఒక మధ్యాహ్నం, అన్నీ కుదిరాయి. బావ గోధుమలు పోశాడు. మోటారు బరువెక్కింది. టప్... టప్... డబ్బా కళ్లు మూసుకుని అందుకున్నాడు. కరెంటు గిటారు మీద వంగిపోయాడు. మా మేనకోడలు పాడింది. తొమ్మిది పాటలు, మూడోదానికి మిరపకాయలు, చివరి మూడింటికి మొక్కజొన్న, మిగతావాటికి గోధుమలు (ఎవరి ఫారం వారిదే). నాకు సంగీతం తెలియదు. అయినా నా ముంజేతి మీది వెంట్రుకలకు తెలిసినట్టుంది, లేచి నిలబడ్డాయి. గింజలు అయిపోవస్తూ టప్పులు దగ్గరవుతుంటే ఆ పిల్ల గొంతు వాటిని తరుముకుంటూ పోయింది. బావ గింజల తొట్టి మీద చెయ్యి ఆనించి కూతురి నోటినే చూస్తూ నిలబడ్డాడు. చివరి గింజ జారాక మోటారు కట్టేశాడు.

"ఎలా ఉంది నాన్నా?" అంది ఆ పిల్ల వేళ్లతో, కళ్లతో, మొత్తం మనిషితో.

"టప్ బ్రహ్మాండంగా పడింది," అన్నాడు బావ. "మిగతాది ఆల్బంలో వింటాగా."

ఆరో అంతస్తు తొంభై ఒక్క శాతం సహజత్వం ఇచ్చింది. అధికారిణి స్వయంగా కిందికి దిగి వచ్చి, మర మీద ఒక ముద్ర వేసి, మేనకోడలి భుజం తట్టింది. "ఇప్పుడు మీరు మీరే," అంది. ఆవిడ కళ్లు చెమ్మగిల్లాయని కరెంటు అంటాడు. పిండి పడి ఉంటుందని నేనంటాను.

అక్కడి నుంచి టేపు ఏడో అంతస్తుకు వెళ్లింది. అది శుద్ధి విభాగం. ఆరో అంతస్తుకూ ఏడో అంతస్తుకూ మాట్లాడుకునే ఏర్పాటు లేదు. మధ్యలో మెట్లున్నాయి గానీ వాటిని అగ్నిప్రమాద సమయంలోనే వాడాలి. పాట వెనక వినపడే అనవసర శబ్దాలను తీసేయడం ఏడో అంతస్తు విధి. ఫ్యాను రొద, కుర్చీ కిర్రు, కళాకారుడి ఆకలి. దానికొక సాఫ్ట్‌వేర్ ఉంది. ఆరో అంతస్తు ఎనిమిది నెలలు కష్టపడి లోపలికి తెచ్చినదాన్ని అది పదకొండు సెకన్లలో బయటికి పంపింది. ఏ గేటు దగ్గరా ఎవరూ ఆపలేదు. దాని మీద నమోదైన వివరణ: 'యంత్ర రొద, తొలగించబడినది. గాత్రం స్వచ్ఛం.'

మాకీ సంగతి తెలియదు. విడుదలకు ముందు ఆల్బం వినే హక్కు కళాకారులకు లేదు. పాటలు లీకు చేయగలవాళ్ల జాబితాలో మొదటి పేరు, పాడినవాళ్లదే.

విడుదల తేదీ మూడుసార్లు వాయిదా పడింది. ఒకసారి అట్ట మీద బొమ్మ వల్ల, ఒకసారి తేదీ వల్ల (తేదీల విభాగం ఆ నెల సెలవులో ఉంది), ఒకసారి కారణం వల్ల. కారణం ఏమిటని అడిగితే, "అదే, కారణం," అన్నారు. పదకొండో నెల పదో తేదీ పొద్దున పది గంటలకు 'ఊకదంపుడు' ఆల్బం యాప్‌లోకి వచ్చింది.

పది గంటల ఒక నిమిషానికి బావ మర ఆపేశాడు.

ముప్పై ఏళ్ల తర్వాత పట్టపగలు ఆ వీధికి తన చప్పుడు తనకే వినపడింది. ఎవరో తలుపు తీసి, ఏమైందని బయటికి చూశారు. గాల్లో పిండి మెల్లగా దిగుతోంది. వరుసలో పద్నాలుగు డబ్బాలున్నాయి. "ఇవాళ ఆడను," అన్నాడు బావ డబ్బాలతో. కుర్చీ వేసుకుని, తలపాగా తీసి, చేతులు కడుక్కుని కూర్చున్నాడు. మా అక్క కూడా ముఖం కడుక్కుని వచ్చి పక్కన నిలబడింది.

మేనకోడలు తన చేతులతో హెడ్‌ఫోన్లు పెట్టింది. కుడి వైపుది రెండుసార్లు సర్దింది. శబ్దం పెంచింది. ఇంకా పెంచింది. తెర మీద ఒక పెట్టె వచ్చింది: 'మీ చెవుల క్షేమం దృష్ట్యా శబ్దం ఇంతకు మించి పెంచబడదు. మీ వినికిడి మాకు అమూల్యం.' సరే నొక్కితేనే పాట కదులుతుంది. నొక్కింది.

బావ మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, బడిలో మొదటి రోజు పిల్లాడిలా, నిటారుగా కూర్చున్నాడు.

మేం షెడ్డు బయట ఇంకో ఫోనులో పెట్టుకున్నాం. మొదటి పాట మొదలైంది. మా మేనకోడలి గొంతు, తోమిన గిన్నెలా తళతళలాడుతూ. డ్రమ్ములు ఉన్నాయి. గిటారు ఉంది. డబ్బా ఫోను దగ్గరికి వంగాడు. తిప్పి వెనక చూశాడు.

"టప్ ఏదన్నా?"

కరెంటు ఫోను తీసి చెవికి ఆనించుకున్నాడు. రెండో పాట. మూడో పాట. మిరపకాయల పాటలో తుమ్ములు కూడా లేవు. మేనకోడలు లోపలికి చూసింది. బావ అలాగే కూర్చుని ఉన్నాడు. మధ్యలో ఒకసారి కుడి చెవి మీద హెడ్‌ఫోను నొక్కుకున్నాడు. అంతే. ముప్పై ఎనిమిది నిమిషాలు ఆయన కదల్లేదు, గడియారం చూడలేదు, ఒక్క పాటా దాటేయలేదు. చివరి పాట అయిపోయాక కూడా ఒక నిమిషం ఓపిక పట్టి, అప్పుడు మర్యాదగా హెడ్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఎప్పుడు మొదలెడతారమ్మా?" అన్నాడు.

"అయిపోయింది నాన్నా," అంది ఆ పిల్ల.

ఆయన కూతురి నోటి వైపు చూశాడు. అర్థం కాలేదు. ఆ పిల్ల పక్కనున్న చెక్కపెట్టె మీది పిండిలో వేలితో రాసింది: అయిపోయింది.

బావ ఆ అక్షరాలను చాలాసేపు చూశాడు. "టప్ రాకపోతే ఇంకా మొదలవలేదేమో అనుకున్నా," అన్నాడు. తర్వాత గట్టిగా, అందరికీ వినపడేలా (తనకు తప్ప) అన్నాడు, "బాగుందమ్మా. శుభ్రంగా ఉంది. ఎక్కడా రొద లేదు."

మర్నాడు పొద్దున మర మళ్లీ తిరిగింది. దాచిపెట్టడానికి ఇంకేమీ లేదు కదా. వరుసలో పద్నాలుగు డబ్బాలు. వెనక గదిలో ముగ్గురు. గింజలు పోసినప్పుడు పాట నెమ్మదిస్తుంది, బావ తొట్టి మీద చెయ్యి ఆనించి తలాడిస్తాడు. దూది మాత్రం మానేశాడు.

నెల తిరిగేసరికి కంపెనీ నుంచి ఒక కవరు వచ్చింది. లోపల బంగారు రంగు అంచున్న సర్టిఫికెట్. యాప్ లెక్కల ప్రకారం 'ఊకదంపుడు' ఆల్బంను శ్రోతలు సగటున తొమ్మిది సెకన్లు విని దాటేశారట. లోకం మొత్తం మీద ఒకే ఒక్క మనిషి మొదటి నుంచి చివరి దాకా, ఒక్క క్షణం కూడా వదలకుండా విన్నాడట. 'మీవంటి శ్రద్ధగల చెవి కోసమే మా సంస్థ ఏడు అంతస్తులూ పనిచేస్తున్నవి' అని రాసి, కింద ఏడు సంతకాలు చేశారు.

బావ దాన్ని వెలుతురులో పెట్టుకుని రెండుసార్లు చదివాడు. వెనక్కి తిప్పి చూశాడు.

"బాగా రాశార్రా," అన్నాడు నాతో. "ఏ చెవో రాయలేదు."